చీనీకాయల ఊర్లో నిమ్మకాయ తిరమిసు

అనంతపురంలో ఉండి చీనీ (బత్తాయి) రసంతో తిరమిసు, అంటే బిస్కెట్లు, క్రీము పొరలుగా పేర్చే ఇటలీ స్వీటు, చేయకుంటే ఎట్లా అనిపిస్తుంది. చేయొద్దు. పిండినప్పుడు తియ్యగానే ఉంటుంది. నిలవుండే కొద్దీ లిమోనిన్ అనే చేదు పదార్థం తయారై చేదెక్కుతుంది, కాస్తే ఇంకా తొందరగా. ఈ స్వీటేమో రాత్రంతా ఫ్రిజ్‌లో ఉండాల్సిందే. అందుకే నిమ్మకాయ.

150 మి.లీ. నీళ్లలో 60 గ్రాముల చక్కెర కరిగితే చాలు, తీగ పాకం అక్కర్లేదు. బాగా చల్లారాక 40 మి.లీ. నిమ్మరసం.

అసలు తిప్పలంతా క్రీముతోనే. మామూలు ఫ్రెష్ క్రీములో కొవ్వు 25 శాతమే, ఎంత గిలక్కొట్టినా నిలబడదు. 35 శాతం ఉండే విప్పింగ్ క్రీమ్ 200 మి.లీ. తీసుకోండి. మన ఎండలకు గిన్నె, బీటర్ పుల్లలు కూడా పావుగంట ఫ్రీజర్లో పెట్టాలి. క్రీము నిలబడ్డాక 250 గ్రాముల మస్కార్పోనే (మెత్తటి ఇటలీ చీజ్), 60 గ్రాముల చక్కెర పొడి, రెండు నిమ్మకాయల తొక్క తురుము గరిటెతోనే కలపండి. బీటర్ పెడితే మస్కార్పోనే విరిగి పలుకులవుతుంది. తురుము పైపొర వరకే, తెల్లది తగిలితే చేదు. రసం మాత్రం ఇందులో పోయొద్దు, జారిపోతుంది.

లేడీఫింగర్ బిస్కెట్లు (వేలి ఆకారంలో ఉండే గుల్ల బిస్కెట్లు) 20 దాకా పడతాయి. పాకంలో పక్కకొక సెకను, అంతే. నానబెట్టారా, అడుగున నీళ్లూరతాయి. బేకరీ రస్కులైతే ఇంకొంచెంసేపు ఓర్చుకుంటాయి, రుచి మాత్రం రస్కుదే.

బిస్కెట్టు, క్రీము, మళ్లీ బిస్కెట్టు, క్రీము. కనీసం 8 గంటలు ఫ్రిజ్‌లో, మూతపెట్టి. లేకుంటే పక్కనున్న సాంబారు వాసనంతా దీనికే.