సన్‌సెట్ పార్క్‌లో ఫిన్నిష్ వాటాదారుల ఇళ్లు

న్యూయార్క్ నగరం బ్రూక్లిన్‌లోని సన్‌సెట్ పార్క్ పేటకు వెళ్తే 43వ వీధిలో ‘ఆల్కు’ అపార్ట్‌మెంట్ల దగ్గర కాసేపు ఆగండి. 1916లో 16 ఫిన్నిష్ కుటుంబాలు తలా 500 డాలర్లు వేసుకుని వీటిని మొదలుపెట్టాయి. అమెరికాలో లాభాపేక్ష లేని తొలి సహకార గృహాలుగా వీటికి పేరు. పక్కనే 8వ అవెన్యూలో కిరాణా, మాంసం కొట్టు, బేకరీ కూడా సహకార పద్ధతిలోనే నడిపారు.

ఇక్కడ కొనేది ఫ్లాట్ కాదు, ఇళ్లన్నిటికీ యజమాని అయిన నివాసుల సంఘంలో వాటా. నెలనెలా కట్టే సొమ్ములోంచే అప్పు వాయిదా, పన్ను, మరమ్మతులు, తొలినాళ్లలో బొగ్గు ఖర్చూ. ఖాళీ చేసేవాళ్లు వాటాను కొన్న ధరకే సంఘానికి తిరిగివ్వాలన్నది తొలినాటి నియమం. నా లెక్కలో అసలు ప్రాణం అదే. చుట్టుపక్కల ధరలు ఎగబాకాక దాన్ని సడలించమనే ఒత్తిడి తప్పదు. ఇంకో చిక్కు: నెల చందా తక్కువగా ఉంచి నిధి కూడబెట్టకపోతే, ఇళ్లను వెచ్చబరిచే బాయిలర్ మార్చాల్సిన రోజున ప్రతి ఇంటిమీదా ఒకేసారి భారం పడుతుంది.