టేమాలో ధరలు పరిగెత్తిన రోజులు

నేను 2019 నుంచి ఘనాలో ఉంటున్నా, రాజధాని అక్రా పక్కనే టేమా అని పోర్టు ఊరు, అక్కడ ఒక ఫ్యాక్టరీలో స్టోర్స్ చూస్తా. మాది తణుకు దగ్గర పల్లెటూరు. జీతం డాలర్లలో మాట్లాడుకున్నా చేతికొచ్చేది సెడీల్లోనే (సెడీ అంటే ఘనా కరెన్సీ), అదీ కంపెనీ పెట్టిన రేటుకి. 2022 జనవరిలో డాలరుకి 6 సెడీలు, అంటే ఒక సెడీ మనకి 12 రూపాయల పైనే. నవంబరుకి డాలర్ 14 సెడీలు దాటింది, సెడీకి 6 రూపాయలు కూడా రావట్లేదు, కంపెనీ మాత్రం పాత రేటే కట్టింది, అడిగితే వచ్చే ఏడు చూద్దాం అన్నారు. ఇంటి లోన్‌కి పంపే డబ్బు సగం అయిపోయింది. "ఏవండీ, ఈ నెల కూడా ఇంతేనా" అని మా ఆవిడ అడిగితే ఏం చెప్పాలో తెలిసేది కాదు.

అయినా మాకు ఇండియాలో ఇల్లుంది, వెనక్కి వచ్చే దారుంది. ఘనా వాళ్ల పరిస్థితి తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. మా గేటు దగ్గర ఒక ఆంటీ కెంకే అమ్ముతుంది, పులిసిన మొక్కజొన్న పిండిని కండె పొరల్లో చుట్టి ఉడికించిన ముద్ద, మన సంకటిలా ఉంటుంది, పక్కన వేయించిన చేప, మిరప పచ్చడి. రేటు పెంచితే కూలోళ్లు కొనలేరని మొదట ముద్ద సైజు తగ్గించింది, రెండు చేతులు నిండేది కాస్తా ఒక గుప్పిట్లోకి వచ్చేసింది, ఆ తర్వాత రేటూ పెంచక తప్పలేదు. "మాస్టా, మొక్కజొన్న మూట అరువు ఇవ్వట్లేదు, పొద్దున ఒక రేటు, సాయంత్రం ఒక రేటు" అనేది. మా స్టోర్స్‌లోనూ అదే, స్పేర్ పార్ట్స్ కొటేషన్ మీద ముందు 30 రోజుల వ్యాలిడిటీ ఉండేది, అది 24 గంటలకు వచ్చింది. అక్టోబర్‌లో అక్రా వ్యాపారులు ఏకంగా షాపులు మూసి నిరసన చేశారు.

అందరూ ఉక్రెయిన్ యుద్ధం అన్నారు. గోధుమలు, ఆయిల్ పెరిగిన మాట నిజమే, డీజిల్ లీటరు 20 సెడీలు దాటింది. కానీ నాకు అర్థమైనంతలో అసలు జబ్బు అప్పు. ప్రభుత్వం ఏళ్ల తరబడి బయట దేశాల్లో డాలర్ బాండ్లు, అంటే అప్పు పత్రాలు, అమ్మి డబ్బు తెచ్చుకుంది, దెబ్బతిన్న బ్యాంకుల్ని ప్రక్షాళన చేసే ఖర్చు, కరెంటు రంగం బకాయిలు, పైన కోవిడ్. 2022 మొదట్లో రేటింగ్ సంస్థలు దేశం అప్పు రేటింగ్ తగ్గించేసరికి బయట అప్పు పుట్టలేదు, సెంట్రల్ బ్యాంకే ప్రభుత్వానికి డబ్బిచ్చింది, సెడీలు ఎక్కువ డాలర్లు తక్కువ, బియ్యం నుంచి మందుల దాకా దిగుమతి చేసుకునే దేశంలో ఇంకేమవుతుంది. డిసెంబర్‌లో ఇన్ఫ్లేషన్, అంటే ఏడాదిలో ధరల పెరుగుదల, 54.1 శాతం. అదే నెల విదేశీ అప్పుల్లో చాలావాటికి చెల్లింపులు ఆపేశారు, దేశంలో బాండ్లు కొన్నవాళ్లనీ తక్కువ వడ్డీకి ఒప్పుకోమన్నారు. పెన్షనర్లు వెళ్లి ఆర్థిక శాఖ ముందు కూర్చున్నారు, 2023 ఫిబ్రవరిలో మాజీ చీఫ్ జస్టిస్ సోఫియా అకుఫో కూడా వాళ్లతో కలిసింది. టీవీలో ఆ ముసలివాళ్లని చూస్తుంటే ఎఫ్‌డీ వడ్డీ మీద బతికే మా నాన్నగారే గుర్తొచ్చారు.

ఇన్ఫ్లేషన్ తగ్గడం మాత్రం చాలా నెమ్మదిగా జరిగింది. 2023 మేలో ఐఎంఎఫ్ 300 కోట్ల డాలర్ల అప్పుకి ఒప్పుకుంది, సెంట్రల్ బ్యాంకు వడ్డీ, అదే పాలసీ రేటు, 30 శాతం దాకా లాగారు, అయినా 2024 డిసెంబర్‌లో కూడా ఇన్ఫ్లేషన్ 23.8. అసలు మార్పు 2025లో వచ్చింది, కొత్త ప్రభుత్వం ఖర్చు బిగించింది, బంగారం ధర ఆకాశానికెళ్లింది, ఘనా బంగారం తవ్వే దేశం కదా, డాలర్ నిల్వలు పెరిగాయి, 15 దాకా ఉన్న డాలర్ మే నెలకి 10 సెడీల దగ్గరికి వచ్చింది. సెప్టెంబర్‌లో ఇన్ఫ్లేషన్ 9.4, నాలుగేళ్లకి సింగిల్ డిజిట్.

"ఇంకేం బావా, ధరలు తగ్గిపోయాయిగా" అని మా బావమరిది సంబరపడ్డాడు. తగ్గలేదురా, పెరగడం నెమ్మదించిందంతే అని చెప్పా. దిగుమతి సరుకులు కొన్ని దిగాయి గానీ కెంకే ముద్ద మళ్లీ పెద్దది కాలేదు, మా ఫ్యాక్టరీ కుర్రాళ్ల జీతాలు ఆ మూడేళ్ల ధరల్ని ఇంకా అందుకోలేదు, అది నాకు రోజూ కళ్ల ముందే కనిపిస్తుంది. కొటేషన్లు మాత్రం మళ్లీ రెండు వారాల వ్యాలిడిటీతో వస్తున్నాయి. మొన్న ఆంటీ నన్ను ఆపి మరీ చెప్పింది, హోల్‌సేల్ వాడు మొక్కజొన్న మూట అరువు ఇచ్చాడంట, డబ్బులు వారం తర్వాత ఇవ్వమన్నాడంట.