చేతిలో ఇమిడిన జెల్డా
1998లో టీవీకి తగిలించి ఆడే నింటెండో 64కి వచ్చిన 'జెల్డా: ఒకారినా ఆఫ్ టైమ్' వీడియో గేమ్‌ని 2011లో 3డీఎస్ కోసం, అంటే చేత్తో పట్టుకుని ఆడే రెండు తెరల మెషీన్ కోసం, మళ్ళీ చేశారు. ఈమధ్యే పూర్తి చేశాను. పెద్ద తెర మీది ఆ వైభవం లేదు, నిజమే. కానీ నీళ్ళు నిండిన గుడి, వాటర్ టెంపుల్ దాకా ఆడి చూడండి! పాతదాంట్లో ఇనుప బూట్లు వేసుకోవాలన్నా, విప్పాలన్నా ప్రతిసారీ ఆట ఆపి మెనూలోకి వెళ్ళాలి. మునగాలంటే మెనూ, తేలాలంటే మెనూ... ప్రాణం విసిగిపోయేది. ఇక్కడ కింది తెర మీద వేలితో ఒక్క నొక్కు, అంతే. నీటిమట్టం మార్చే చోటికి గోడల మీద రంగు గీతలు దారి కూడా చూపిస్తాయి. చిక్కుముడులు అవే, విసుగే లేదు. సెకనుకు తెర మీద మారే బొమ్మలు (ఫ్రేములు) 20 నుంచి 30 అయ్యాయి. దీన్ని మళ్ళీ తయారుచేసిన గ్రెజ్జో సంస్థ వాళ్ళు ఎంత ప్రేమగా చేశారో! విల్లు గురిపెట్టడానికి మెషీన్‌నే అటూ ఇటూ తిప్పొచ్చు. బస్సు కుదుపుల్లో కష్టం గానీ, ఇంట్లో కూర్చుంటే గురి భలే కుదురుతుంది.