మేళం వెళ్ళిపోయాక

బావగారు ఇవాళ మళ్ళీ మొదలెట్టారు. మావాడు హాల్లో స్పీకర్లో ఎలక్ట్రానిక్ సంగీతం పెట్టుకుని వింటుంటే, "కరెంటు పోతే ఆగిపోయేదీ ఒక సంగీతమేనా? దానికి మనసుంటుందా?" అని. అంటున్నదెవరు? రోజూ పొద్దున్నే ఫోన్లో తంబురా యాప్ పెట్టుకుని సాధన చేసే మనిషి! ఆ తంబురాకి తీగలెక్కడున్నాయి బావగారూ అని నోటిదాకా వచ్చింది. పోపు మాడుతోందని వంటింట్లోకి వచ్చేశాను. మజ్జిగన్నం దాకా అదే గోల. ఈయనేమో పేపర్ వెనక దాక్కున్నారు, యథాప్రకారం.

మావాడు వింటున్నది చరణ్‌జీత్ సింగ్ 1982 రికార్డు. బొంబాయిలో సినిమా పాటలకి వాయించే ఆయన, పది హిందుస్తానీ రాగాల్ని డిస్కో దరువు మీద సింథసైజర్లతో, అంటే కరెంటుతో స్వరాలు పుట్టించే వాయిద్యాలతో, వాయించారు. అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదట.

నాకు అక్క అప్పగింతలు గుర్తొచ్చాయి. గుంటూరు బ్రాడీపేటలో పెళ్ళి. ఇంకో ముహూర్తం ఉందని మేళగాళ్ళు వెళ్ళిపోయారు. ఆర్కెస్ట్రా అబ్బాయిని బతిమాలితే కీబోర్డులో సన్నాయి మీట నొక్కాడు. సన్నాయా అది! జలుబు చేసినవాడు కూనిరాగం తీసినట్టుంది. పైగా ఒక చేత్తో వాయిస్తూ రెండో చేత్తో లడ్డూ తింటున్నాడు. అయినా, పాలలో ముంచిన అక్క చేతులు వాళ్ళత్తగారి చేతుల్లో పెట్టేసరికి నాన్న పందిరి గుంజ పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చారు. తాతయ్య పోయినప్పుడు కూడా ఆయన కంట నీరు చూడలేదు మేము.

ఇదే బావగారికి జవాబనుకుని టైపు చేయడానికి కూర్చున్నా. రాస్తుంటే అనుమానం. ఆ నిమిషాన వీధిలో రిక్షా గంట మోగినా నాన్న ఏడ్చేవారే. ఏడిపించింది అక్క, కీబోర్డు కాదు. పోనీ, నిజం సన్నాయి ఉన్నా అంతేగా? ఈ సాక్ష్యం ఎటూ చెల్లదు.

అందుకే పెళ్ళీ పందిరీ లేకుండా విందామని మావాడి ఇయర్‌ఫోన్లు తీసుకున్నా. మాల్‌కౌంస్, మన హిందోళం. బేస్ గిటారు వాయించే మనిషి దొరకని వాళ్ళకోసం రోలాండ్ కంపెనీ చేసిన 303 అనే పెట్టె అందులో ఉంది. స్వరం నుంచి స్వరానికి జారే ఏర్పాటు దానికుందట. అడుగున అది బుడుంగు బుడుంగుమంటుంటే ముందు నవ్వొచ్చింది. కాసేపటికి నవ్వు పోయింది. ఏడుపేమీ రాలేదు, అబద్ధమెందుకు? కానీ చెవుల్లోంచి తీయబుద్ధి కాలేదు, పైన ఫ్యాను చప్పుడు కూడా మర్చిపోయా.

ఆ ఊపులో వాడు యమన్, అంటే మన కల్యాణి, పెట్టాడు. మళ్ళీ అదే దరువు! కల్యాణికి ఈ తొందరేమిట్రా నాయనా అని తీసిచ్చేశాను.