వెరికోస్ వీన్స్ ఉన్నా వ్యాయామం మానలేదు: నా అనుభవం

ఎడమ పిక్క మీద సిరలు మెలికలు తిరిగి ఉబ్బడం మొదలైనప్పటి నుంచి, సాయంత్రమయ్యేసరికి కాలు బరువెక్కడం, చీలమండ దగ్గర వాపు రావడం, రాత్రివేళ పిక్క పట్టేయడం నాకు నిత్యకృత్యమయ్యాయి. కాలికి విశ్రాంతి ఇవ్వమని చుట్టుపక్కలవారందరూ చెప్పారు. నాకు మాత్రం నడక మానుకోవడం ఇష్టం లేక, వ్యాయామం చేయవచ్చా అని డాక్టరునే సూటిగా అడిగాను. సిరల్లో రక్తం ఎలా పారుతోందో చూపే డాప్లర్ స్కాన్‌లో లోపలి సిరల్లో రక్తపు గడ్డలేవీ లేవనీ, చర్మం కింది పెద్ద సిరలో రక్తం వెనక్కి జారకుండా ఆపే కవాటాలు సరిగా మూసుకోవడం లేదనీ తేలాక, చేయవచ్చు, చేసి తీరాలి అన్నారు.

ఆయన చెప్పిన కారణం నాకు బాగా నచ్చింది. పాదాల నుంచి రక్తం గుండెకు ఎదురెక్కాలంటే పిక్క కండరమే పంపులా పనిచేయాలి. అది బిగిసినప్పుడల్లా లోపలి సిరలను నొక్కి రక్తాన్ని పైకి నెడుతుంది. కదలకుండా నిలబడినప్పుడు చీలమండ దగ్గరి సిరల్లో ఒత్తిడి సుమారు 80 నుంచి 90 మి.మీ. పాదరసం వరకు ఉంటుందనీ, ఆరోగ్యవంతులు నడిచేటప్పుడు అది 30 లోపుకు దిగుతుందనీ, కవాటాలు దెబ్బతిన్నవారిలో అంతగా దిగదనీ ఆయన వివరించారు. అంటే మాకు చేటు చేసేది నడక కాదు, గంటల తరబడి ఒకేచోట నిలబడడం.

పాదంలో నాడి చక్కగా అందుతోందని చూశాకే నాకు కాలిని బిగుతుగా నొక్కి ఉంచే కంప్రెషన్ మేజోళ్లు రాశారు. కాలు వాచకముందే, పొద్దున మంచం దిగకుండానే తొడుక్కోవాలి. మేజోడును మడమ వరకు లోపలివైపు బయటికి తిప్పి, ముందు పాదం దూర్చి, మడమ సరిగ్గా దాని చోట కూర్చున్నాక మిగతాది కొద్దికొద్దిగా పైకి సవరించుకుంటాను. రబ్బరు గ్లౌజులు వేసుకుంటే పట్టు దొరుకుతుంది. పై అంచును మడిచి వదిలేస్తే అక్కడ తాడు కట్టినట్లు బిగుసుకుంటుంది కనుక ముడతలన్నీ అరచేత్తో చదును చేయడం తప్పనిసరి.

నా వ్యాయామంలో ప్రధానమైనది నడకే. దానితోపాటు గోడను ఆనుకుని మడమలు నెమ్మదిగా ఎత్తి దించుతాను. పిక్క గట్టిపడడం చేతికి తెలిసేంత నెమ్మదిగా చేయడంలోనే ప్రయోజనం ఉందని నా నమ్మకం. సైకిల్, ఈత కూడా నాకు పడ్డాయి. ఈతలో నీటి ఒత్తిడే కాళ్లను చుట్టూ నొక్కుతుంది. ఊపిరి బిగబట్టి పెద్ద బరువులు ఎత్తితే పొత్తికడుపులో ఒత్తిడి పెరిగి రక్తం పైకి సాగడం కష్టమవుతుంది కాబట్టి, తేలిక బరువులే తీసుకుని, ఎత్తేటప్పుడు ఊపిరి వదులుతాను. ముగించాక ఉన్నపళంగా ఆగి నిలబడకుండా కాసేపు మెల్లగా నడిచి, ఆపై కాళ్లను గుండె కంటే ఎత్తులో దిండ్ల మీద పెట్టి పడుకుంటాను.

ఉబ్బిన సిరలు మాయం కాలేదు. పాడైన కవాటాలను వ్యాయామం బాగుచేయదు. సాయంత్రపు బరువు, రాత్రి పిక్క పట్టేయడం మాత్రం స్పష్టంగా తగ్గాయి, నాకు అది చిన్న విషయం కాదు. చీలమండ లోపలివైపు చర్మం నల్లబడుతోందా, దురద పెడుతోందా అని స్నానం తరువాత తప్పక చూసుకుంటాను, ఎందుకంటే అలా జరిగితే లేజర్ వంటి చికిత్స గురించి ఆలోచించాలని డాక్టరు చెప్పారు. ఒక్క కాలే హఠాత్తుగా వాచి, వేడెక్కి, నొప్పి పుడితే లోపలి సిరలో గడ్డ కట్టి ఉండవచ్చు. ఆయాసం గానీ ఛాతీ నొప్పి గానీ తోడైతే అది అత్యవసర పరిస్థితి. అప్పుడు వ్యాయామం మాట పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.