కప్పులు లెక్కబెట్టి కోచ్‌ని కొలిస్తే రహీం సాబ్ ఎక్కడుంటారు?

మెస్సీనా రొనాల్డోనా అన్న పంచాయితీ మా నల్లగొండలో ఇప్పట్లో తెగేది కాదు. 2025 డిసెంబర్ 13న మెస్సీ హైదరాబాద్ వచ్చి ఉప్పల్ స్టేడియంలో బాల్ తన్నినప్పటి నుంచి, అందులోనూ మన పాలమూరు మనిషి రేవంత్ రెడ్డి ఆయనతో పాటు గ్రౌండ్‌లోకి దిగినప్పటి నుంచి, అది ఇంకా ముదిరింది. గడియారం సెంటర్ దగ్గర టీ తాగుదామని నలుగురం నిలబడితే చాలు, ఒకడు మెస్సీవి ఎనిమిది బాలన్ డోర్లు (ఏడాదికి ఒక్క మేటి ఫుట్‌బాల్ ఆటగాడికిచ్చే అవార్డు) అంటాడు, ఇంకొకడు రొనాల్డోవి ఐదు చాంపియన్స్ లీగ్‌లు (యూరప్ క్లబ్బుల పెద్ద కప్పు) అంటాడు, ఒకడు 2022 వరల్డ్ కప్ ఫైనల్ అంటాడు, మరొకడు దేశం తరఫున కొట్టిన గోల్స్ లెక్క ఫోన్‌లో తీసి మొహం మీద పెడతాడు. నా ఓటు మెస్సీకే, అందులో దాచుకునేదేం లేదు. అయితే ఇంతసేపు వాదించుకుని కోచ్ ఊసే ఎత్తరు చూడండి, మన హైదరాబాద్ కోచ్ రహీం సాబ్ పేరైతే అసలే రాదు, నాకు మండేది అక్కడే.

ఈమధ్య ఒక తమ్ముడు అన్నాడు, "కోచ్ ఏం జేస్తడన్నా, బెంచీ మీద కూసొని చూయింగ్ గమ్ నములుడే గదా, ఆడేటోళ్లు ఆడుతరు" అని. సరే, వాడికి ఇష్టమైన మ్యాచే తీసుకుందాం. 2022 వరల్డ్ కప్‌లో అర్జెంటీనా మొదటి మ్యాచే సౌదీ అరేబియా చేతిలో 2-1తో ఓడిపోయింది. మెస్సీ ఉన్నాడు, గోల్ కూడా కొట్టాడు, అయినా ఓడింది. ఆ తర్వాత అర్జెంటీనా కోచ్ స్కలోని ఏం చేశాడు? రెండో మ్యాచ్‌కి మాక్ అలిస్టర్‌ని తెచ్చాడు, మూడో మ్యాచ్‌కల్లా ఎంజో ఫెర్నాండెజ్‌నీ హూలియన్ అల్వారెజ్‌నీ మొదటి పదకొండు మందిలోకి తీసుకున్నాడు, పేరున్నవాళ్లని బయట కూర్చోబెట్టాడు. టోర్నమెంట్ నడుస్తుండగా, ఇంకో మ్యాచ్ ఓడితే ఇంటికే అన్నప్పుడు, ఇరవై దాటిన పిల్లల్ని నమ్మడానికి ఎంత గుండె కావాలి!

ఇక ఫైనల్. డి మరియా అంటే మామూలుగా కుడివైపు ఆడే మనిషి. స్కలోని అతన్ని ఎడమవైపు పెట్టాడు. ఫ్రాన్స్ దానికి సిద్ధంగా లేదు. ఎడమ అంచు మీద డి మరియా ఒక్కడే గీత తొక్కుకుంటూ నిలబడితే బాల్ మళ్లీ మళ్లీ అటే వెళ్లింది, డెంబెలే వెనక్కి పరిగెత్తుకొచ్చి అతన్ని పడేస్తే పెనాల్టీ, దాన్ని మెస్సీ కొట్టాడు. రెండో గోల్ డి మరియానే కొట్టాడు. ఫస్ట్ హాఫ్ అవ్వకముందే, 41వ నిమిషంలో, ఫ్రాన్స్ కోచ్ దెషాంప్ ఇద్దర్ని, డెంబెలేనీ జిరూనీ, బయటికి పిలిచేశాడు. వరల్డ్ కప్ ఫైనల్లో అలాంటిది జరిగిందంటే అవతలి బెంచీ నుంచి ఎంత దెబ్బ తగిలిందో అర్థం చేసుకోండి. ఆ తర్వాత ఎంబపే హ్యాట్రిక్, 3-3, పెనాల్టీలు, అదంతా అందరికీ తెలిసిందే.

మా బావకి ఇదంతా చెప్తే, "సరే, కోచ్ గొప్పోడే అనుకో, అట్లయితే కప్పులు లెక్కబెట్టు, అన్సెలొట్టి కోచ్‌గా ఐదు చాంపియన్స్ లీగ్‌లు గెలిచిండు, ఇంక మాటెందుకు" అంటాడు. అన్సెలొట్టి గొప్పతనం మీద నాకు గొడవ లేదు. కానీ కప్పులు లెక్కబెట్టడమే కొలమానం అయితే పెద్ద క్లబ్బులో కూర్చున్నవాడే ఎప్పటికీ ముందుంటాడు. నేను అడిగే ప్రశ్న వేరు: చేతికి ఏం ఇచ్చారు, దాన్ని ఎక్కడిదాకా తీసుకెళ్లాడు?

అలా చూస్తే నాకు మొదట గుర్తొచ్చేది ఇంగ్లిష్ కోచ్ బ్రయన్ క్లఫ్. 1975లో ఆయన నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కి వచ్చేసరికి అది రెండో డివిజన్ జట్టు. 1977లో పైకి తెచ్చాడు, 1978లో లీగ్ గెలిచాడు, 1979లో యూరోపియన్ కప్ (ఇప్పటి చాంపియన్స్ లీగే), 1980లో మళ్లీ యూరోపియన్ కప్. ఇప్పటి రోజుల్లో ఎవరైనా చేస్తారా? డబ్బే లేకుండా గెలిచాడని అనను, డబ్బు పెట్టి ఆటగాళ్లని కొన్నాడు కూడా, కానీ ఆ ఊరి జట్టుకి యూరప్‌ని రెండుసార్లు గెలవగలమన్న నమ్మకం ఇచ్చింది ఆ మనిషే.

ఇదే కొలతతో మన దగ్గరికి రండి. సయ్యద్ అబ్దుల్ రహీం, హైదరాబాద్ మనిషి, వృత్తికి స్కూల్ మాస్టర్. 1950 నుంచి 1963లో చనిపోయేదాకా భారత జట్టు కోచ్, హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకి కూడా ఆయనే. ఆ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదు సార్లు అప్పట్లో బొంబాయిలో జరిగే రోవర్స్ కప్ టోర్నమెంట్ గెలిచింది. అప్పట్లో కలకత్తా జట్లంటే దేశమంతా హడలిపోయే రోజులు, అలాంటి రోజుల్లో.

1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో ఆ చలిలో మనవాళ్లు చాలామంది ఉత్త కాళ్లతో ఆడారు, యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయ్యారు. ఇంకొకరైతే అక్కడితో తప్పుకునేవారు. నాలుగేళ్లు తిరిగేసరికి 1956 మెల్‌బోర్న్‌లో అదే యుగోస్లావియాతో సెమీఫైనల్ ఆడాం, మొదటి గోల్ మనదే, నెవిల్ డిసౌజా కొట్టాడు. చివరికి 4-1తో ఓడిపోయాం, నిజమే. దానికి ముందు ఆతిథ్య దేశం ఆస్ట్రేలియాని 4-2తో కొట్టాం, అందులో డిసౌజాది హ్యాట్రిక్, ఒలింపిక్స్‌లో ఒక ఆసియా ఆటగాడు చేసిన మొదటి హ్యాట్రిక్ అది. ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. మా బావ ఇక్కడ పట్టుకుంటాడు, "గెలిచింది ఒక్క మ్యాచే గదా, హంగేరీ రాకపోతే వాకోవర్ గదా" అని. అవును, వాకోవరే. అయితే 1960 రోమ్ చూడండి. అక్కడ హంగేరీ వచ్చింది, ఫ్లోరియన్ ఆల్బర్ట్ ఉన్న జట్టు, ఆ ఆల్బర్టే తర్వాత 1967లో బాలన్ డోర్ తీసుకున్నాడు. వాళ్లతో 2-1తో ఓడాం, మన గోల్ కొట్టింది సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం. ఫ్రాన్స్‌తో 1-1 డ్రా. ఇప్పుడు ఫ్రాన్స్‌తో డ్రా అంటే ఎవరైనా నమ్ముతారా?

1962 జకార్తా ఏషియన్ గేమ్స్ గురించి మాత్రం కాస్త వివరంగా రాయాలి, ఎందుకంటే కోచ్ అంటే ఏంటో నాకు తెలిసింది ఆ కథ చదివాకే. ఇజ్రాయెల్‌నీ తైవాన్‌నీ ఆటలకి రానివ్వనందుకు ఏషియన్ గేమ్స్ సమాఖ్యలో ఉన్న మన జి.డి. సోంధి అభ్యంతరం చెప్పారు, దాంతో ఇండోనేషియా జనం మన మీద మండిపడ్డారు, స్టేడియంలో మన జట్టు కనపడితే అరుపులే అరుపులు. పైగా మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా మనల్ని 2-0తో ఓడించింది. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. రహీం సాబ్ ఒంట్లో అప్పటికే క్యాన్సర్ ముదురుతోంది.

అలాంటప్పుడు ఆయన ఏం చేశారంటే, కుట్లు పడ్డ ఆ డిఫెండర్‌ని తీసుకెళ్లి సెంటర్ ఫార్వర్డ్‌గా పెట్టారు. వెనక గోడలా నిలబడే మనిషి, ముందుకి! సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంని 3-2తో గెలిచాం, జర్నైల్ గోల్ కొట్టాడు. సెప్టెంబర్ 4న ఫైనల్, మళ్లీ అదే దక్షిణ కొరియా, చుట్టూ లక్షమంది దాకా జనం. పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి, 2-1తో స్వర్ణం మనది. ముందురోజు రాత్రి ఆటగాళ్లని కూర్చోబెట్టుకుని, రేపు మీ నుంచి నాకొక బహుమతి కావాలి, ఆ బంగారమే కావాలి అని అడిగారట. మరుసటి ఏడాది జూన్‌లో చనిపోయారు.

డి మరియాని కుడి నుంచి ఎడమకి మార్చినందుకు మనం స్కలోనికి చప్పట్లు కొడుతున్నాం, కొట్టాల్సిందే. మరి జర్నైల్‌ని వెనకనుంచి ముందుకి మార్చిన మనిషి పేరు మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? 1958లో బ్రెజిల్ 4-2-4 (వెనక నలుగురు, మధ్యలో ఇద్దరు, ముందు నలుగురు) తో లోకాన్ని గెలవకముందే ఆయన ఆ పద్ధతి మన దగ్గర ఆడించారని పాతవాళ్లు చెప్తారు. బలహీనమైన కాలితోనే ఆడాలన్న షరతు మీద టోర్నమెంట్లు పెట్టేవారని కూడా చెప్తారు.

ఆ రెండోదాన్ని నేను ఇట్టే నమ్ముతాను, ఎందుకంటే స్కూల్లో మా పీఈటీ సార్ కూడా అదే చేయించేవారు. కుడి బూటు విప్పించి గీత బయట పెట్టించేవారు, ఎడమ కాలికి మాత్రమే బూటు. ఎన్‌జీ కాలేజీ గ్రౌండ్ ఎర్రమట్టిలో కంకరరాళ్ల మధ్య, ఉత్త కాలితో గట్టి బాల్‌ని తంతే బొటనవేలు గుంజేది, కాబట్టి బాల్‌ని ఎడమ కాలికి తెచ్చుకోక తప్పేది కాదు. ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు, మాకు ఎడమ కాలు వచ్చేసింది. ఇదంతా హైదరాబాద్ పాత ట్రైనర్ల పద్ధతి అని ఆయన అనేవారు.

ఇంకో మాట కూడా చెప్పాలి, ఇది నా వాదనకి అడ్డంగా వచ్చేదే. కోచ్ మనోలో మార్కెజ్ 2022లో హైదరాబాద్ ఎఫ్‌సీ క్లబ్బుకి ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్ తెచ్చాడు, దాని స్ట్రైకర్ ఒగ్బెచే ఆ సీజన్‌లో 18 గోల్స్ కొట్టాడు, ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించారు. అదే మనోలో భారత జట్టుకి కోచ్‌గా వచ్చి ఎనిమిది మ్యాచుల్లో ఒక్కటే గెలిచాడు. మరి గొప్ప కోచా కాదా? నేనైతే గొప్ప కోచే అంటాను. క్లబ్బులో నెలల తరబడి పొద్దున్నే లేపి నేర్పించే వీలుంటుంది, దేశం జట్టుకి కొన్ని రోజుల క్యాంపు దొరుకుతుంది, అంతే. రహీం సాబ్‌కి పోలీస్ జట్టు ఏడాది పొడవునా చేతిలో ఉండేది, అక్కడ దిద్దిన ఆటగాళ్లనే దేశానికి కూడా తీసుకెళ్లేవారు. మాంచెస్టర్ సిటీని గెలిపించిన కోచ్ గార్డియోలా మీద "అంతా డబ్బే" అని కొట్టిపారేసేవాళ్లకీ ఇదే చెప్తాను: డబ్బు డిఫెండర్ జాన్ స్టోన్స్‌ని కొంటుంది, 2023లో ఆ డిఫెండర్‌ని మిడ్‌ఫీల్డ్‌లోకి జరిపి ఆడించడం డబ్బుతో వచ్చేది కాదు.

కోచ్‌లలో నా వరస ఇది: క్లఫ్, రహీం, మాంచెస్టర్ యునైటెడ్ పాత కోచ్ ఫెర్గూసన్, గార్డియోలా, ఆ తర్వాత అన్సెలొట్టి. బావకి ఇది అస్సలు నచ్చలేదు, రహీంని ఫెర్గూసన్ పైన పెట్టడం మన ఊరి అభిమానం అంటాడు. అభిమానం ఉంది, ఎందుకుండదు. కానీ 10-1 నుంచి ఒలింపిక్స్ సెమీఫైనల్‌కి నాలుగేళ్లలో, స్కూల్ మాస్టర్ జీతం మీద ఉన్న మనిషి, ఒక జట్టుని తీసుకెళ్లడం ఇంకెక్కడైనా జరిగి ఉంటే చూపించమను, వరస మార్చేస్తాను.