బిల్లులో "ఇస్త…" అని వచ్చింది: ఒక బగ్ రిపోర్టుతో నా అనుభవం

ఒక సాఫ్ట్‌వేర్‌లో తప్పుందని నేను పెట్టిన బగ్ రిపోర్టును దాన్ని రాసినవాళ్లు నిన్న రాత్రి మూసేశారు. ఈసారి "ఇది బగ్ కాదు" అని కాదు, "మా దగ్గర రావడం లేదు" అని కూడా కాదు. "సరిచేశాం, తర్వాతి వెర్షన్‌లో వస్తుంది" అని. సంతోషం కంటే ముందు కోపమే వచ్చింది, ఇంత చిన్న పనికి ఇంత గొడవా అని. ఆ కోపం చల్లారకముందే రాసేస్తున్నాను. నెల ఆగి రాస్తే అందరినీ క్షమించేసి రాస్తాను, అది ఎవరికీ పనికిరాదు.

నేను బెంగళూరులో ఒక చిన్న కంపెనీలో పనిచేస్తాను. షాపుల వాళ్లు వాడే బిల్లింగ్ యాప్ మాది. మారతహళ్లిలో మనవాళ్లు ఎంతమంది ఉంటారో తెలిసిందే కదా. అక్కడ స్టీలు సామాన్ల కొట్టు నడిపే నెల్లూరు ఆయన ఒకరు సరుకుల పేర్లన్నీ ఓపిగ్గా తెలుగులో ఎక్కించుకున్నారు. ఆయన బిల్లులో "లైట్ వెయిట్ ఇస్త్రీ పెట్టె" కాస్తా "లైట్ వెయిట్ ఇస్త…" అని వస్తోంది. "ఏమిస్తావన్నా అని జనం నవ్వుతున్నారమ్మా, నేను ఊరికే ఏమీ ఇవ్వడం లేదు" అని ఫోను చేశారు.

మా సపోర్టు టీమ్ దాన్ని "ప్రింటర్ సమస్య" అని రాసుకుని పక్కన పెట్టింది. మా మేనేజర్ అయితే ఇంకా సులువు చేశాడు: "ఇంగ్లిష్‌లో టైప్ చేసుకోమను, టికెట్ క్లోజ్ చెయ్." మన కొట్టు, మన సరుకు, మన కొనేవాళ్లు, పేరు మాత్రం ఇంగ్లిష్‌లో ఉండాలట. సరేలెండి.

ప్రింటర్ తప్పేమీ లేదు. 58 మిల్లీమీటర్ల కాగితం వాడే ఆ చిన్న థర్మల్ ప్రింటర్లలో చాలావాటికి తెలుగు ఫాంటే ఉండదు. అందుకే మేం బిల్లును బొమ్మలా గీసి పంపుతాం, అది చుక్కలు పేర్చి అచ్చేస్తుంది. మామూలుగా వరసకు 384 చుక్కలు పడతాయి, ఇంగ్లిష్ అయితే 32 అక్షరాలు. అందులో సరుకు పేరుకు మేం ఇచ్చింది 16 స్థానాలు. పేరు అంతకు మించితే కత్తిరించి చివర మూడు చుక్కలు పెట్టాలి. ఆ కత్తిరించే పని మేం రాసిన కోడ్ చేయదు. ఒక ఓపెన్ సోర్స్ లైబ్రరీ, అంటే ఎవరైనా తీసుకుని వాడుకోగలిగేలా వేరేవాళ్లు రాసిపెట్టిన కోడ్, చేస్తుంది. దాని పేరు చెప్పను.

తప్పు ఎక్కడుందో పట్టుకోవడానికి ఒక మధ్యాహ్నం కూడా పట్టలేదు. మనం స్త్రీ అని రాస్తే మనకది ఒక్క అక్షరం. కంప్యూటర్ లోపల ఆరు ముక్కలు: స, పొల్లు, త, పొల్లు, ర, చివర దీర్ఘపు గుడి. లైబ్రరీ ముక్కల్ని లెక్కపెడుతోంది. లెక్క సరిగ్గా 16 దగ్గరికి వచ్చేసరికి అక్కడ "త" ఉంది. చటుక్కున కోసేసింది. అంతే.

ఆ లైబ్రరీ వాళ్లకు పంపే రిపోర్టు ఫారం నింపడం కూడా కష్టం కాలేదు. ఏ వెర్షన్, ఏ సిస్టమ్, ఏం చేస్తే ఏం వచ్చింది, ఏం రావాలి అని వాళ్లు అడిగినవన్నీ రాశాను. కోడ్ మూడు వరసలు పెట్టాను. కింద బిల్లు ఫొటో జతచేశాను. అసలు పరీక్ష ఆ తర్వాత మొదలైంది.

పొద్దున లేచి చూసేసరికి మూసేశారు. "ఇన్‌వ్యాలిడ్" అని లేబుల్ తగిలించారు. కింద మెయింటైనర్, అంటే ఆ లైబ్రరీని చూసుకునే ఆయన, ఇచ్చిన జవాబు: నా టెర్మినల్‌లో అన్నీ ఖాళీ డబ్బాలే కనిపిస్తున్నాయి, ఇది ఫాంట్ సమస్య, మా లైబ్రరీకి సంబంధం లేదు. నేను మర్యాదగానే రాశాను, డబ్బాలు కనబడుతున్నది మీ సిస్టమ్‌లో తెలుగు ఫాంట్ లేక, కత్తిరింపు తప్పు అన్నది వేరే విషయం అని. దానికి ఆయన జవాబివ్వలేదు. ఊళ్లోవాళ్లంతా ఇచ్చారు. ఒకరు మంచి ఫాంట్ లింకు పెట్టారు. ఒకరు ప్రింటర్ డ్రైవర్ మార్చమన్నారు. ఇంకొకరు "ఇంకా చిన్న ఉదాహరణ కావాలి" అన్నారు. నేను పెట్టింది మూడు వరసలు! దాన్ని ఒక వరస చేశాను. ఆ మనిషి మళ్లీ కనిపించలేదు.

ఒళ్లు మండించినవాడు వీళ్లెవరూ కాదు. పేరు చూస్తే మనవాడే, ఇంటిపేరుతో సహా. "భారతదేశంలో వ్యాపారమంతా ఇంగ్లిష్‌లోనే నడుస్తుంది, ఇలా తెలుగులో ఎవరూ వాడరు, దీనికి సమయం వృథా చేయకండి" అని రాశాడు. దాని కింద బొటనవేళ్లు వరసగా. తెలియనివాడు డబ్బాలు కనబడుతున్నాయంటే అర్థం చేసుకోవచ్చు. ఆ అక్షరాలు చదవగలిగినవాడు, బహుశా వాటితోనే బళ్లో ఓనమాలు దిద్దినవాడు, ఎవరూ వాడరని సాక్ష్యం చెబితే ఏమనాలి? మెయింటైనర్ వెంటనే దాన్ని పట్టుకుని "స్థానిక వాడుకరి కూడా ఇదే అంటున్నారు కాబట్టి" అని మొదలుపెట్టాడు.

ఈ సంభాషణంతా ఎవరైనా చూడగలిగే చోటే జరిగింది. దాని స్క్రీన్‌షాట్ మా ఆఫీస్ వాట్సాప్ గ్రూపులో పడింది. కొత్తగా చేరిన పిల్లవాడు "అక్కా, ఇది మీరేనా?" అని అడిగాడు. మేనేజర్ నవ్వు మొహం బొమ్మ పెట్టాడు. పదేళ్లుగా కోడ్ రాస్తున్నదాన్ని, ఫాంట్ ఏదో కత్తిరింపు ఏదో తెలియనిదానిలా ఆ గ్రూపులో నిలబడ్డాను.

ఆ తర్వాత బాట్ వచ్చింది, అంటే రిపోర్టుల్ని దానంతటదే మూసే ప్రోగ్రాం. ఇలాంటి బాట్లలో బాగా వాడుకలో ఉన్నదానికి మామూలు సెట్టింగ్ ఏమిటంటే, 60 రోజులు ఎవరూ పలకకపోతే రిపోర్టు మీద "స్టేల్" (పాతబడింది) అని ముద్ర వేస్తుంది, ఇంకో 7 రోజులు చూసి మూసేస్తుంది. నేను రెండోసారి తెరిచిన రిపోర్టుకు అదే జరిగింది. వాళ్లు జవాబివ్వరు, జవాబు లేదు కాబట్టి సమస్య పాతబడిందని బాట్ మూస్తుంది. బగ్ పాతబడితే తగ్గిపోయే జలుబా? ఉచితంగా పనిచేసే మెయింటైనర్ల కష్టం నాకు తెలుసు, వందల రిపోర్టులు మీద పడుతుంటాయి. అయినా చదవకుండా మూసే యంత్రాన్ని గుమ్మంలో కూర్చోబెట్టడాన్ని నేను ఒప్పుకోను.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" లాంటి ఒక తెలుగు కూర్పు మెసేజ్‌లో వస్తే చాలు, ఐఫోన్లలో యాప్‌లు కూలిపోయాయి. ప్రపంచమంతా గోల. అదే నెలలో ఐఓఎస్ 11.2.6 వచ్చి సరిచేసింది. ఎందుకంటే అది తెలుగు రానివాళ్ల ఫోన్లను కూడా కూల్చింది. మారతహళ్లి కొట్లో బిల్లు తప్పుగా వస్తే ఎవరి ఫోనూ కూలదు. 2011 జనాభా లెక్కల్లో తెలుగు మాతృభాష అని చెప్పినవాళ్లు 8 కోట్ల పైచిలుకు. "ఎవరూ వాడరు" అన్న ఆ మహానుభావుడికి ఈ అంకె అంకితం.

దారి ఎలా దొరికిందంటే, ఆ లైబ్రరీ పాత రిపోర్టులన్నీ ఓపిగ్గా చదివాను. ఒకచోట ఎవరో కుటుంబం ఎమోజీ సగానికి తెగిపోతోందని రాశారు. అమ్మ, నాన్న, పాప బొమ్మల్ని కనిపించని ఒక జాయినర్ కలిపి ఉంచుతుంది. అక్కడ కోస్తే కుటుంబం విడిపోతుంది. దాన్ని మాత్రం చకచకా సరిచేశారు, సరదాగా జోకులు కూడా వేసుకున్నారు. ఎమోజీకి ఫాంట్ సమస్య అనలేదు ఎవరూ. ఎందుకు? అది తెగితే వాళ్ల కంటికి కనబడుతుంది.

అప్పుడు మూడో రిపోర్టు రాశాను, ఒక్క తెలుగు అక్షరం లేకుండా. లిపుల అక్షరాలకు కంప్యూటర్లలో నంబర్లిచ్చే ప్రమాణం యూనికోడ్. ప్రతి ముక్కనూ దాని యూనికోడ్ నంబరుతోనే పెట్టాను: 0సీ38, 0సీ4డీ, 0సీ24, ఇలా. మీరు కోసింది 0సీ24 తర్వాత. మిగిలిన ముక్క 0సీ4డీతో, అంటే పొల్లుతో మొదలవుతోంది. పొల్లుతో మొదలయ్యే మాట తెలుగులో ఉండదు. ఎమోజీలో జాయినర్ దగ్గర మీరు ఏం చేయకూడదని ఒప్పుకున్నారో, ఇక్కడ సరిగ్గా అదే చేస్తున్నారు. కింద ఒక టెస్టు, అంటే ఆ తప్పు ఉందో లేదో చూసే చిన్న కోడ్, రాసి పెట్టాను, నడిపితే ఫెయిలవుతుంది. ఫొటో లేదు. ఫొటో పెడితే డబ్బాల గురించి మాట్లాడతారు.

అదే రోజు లేబుల్ మారింది. "బగ్."

అయిపోయిందనుకుంటున్నారా? మెయింటైనర్ ఒక మార్పు చేసి, నేనిచ్చిన ఇస్త్రీ పెట్టె పేరు పూర్తిగా వస్తోంది చూడమన్నాడు. వచ్చింది నిజమే. నేను కొట్టు జాబితాలోని ఇంకో పేరు పెట్టి చూశాను. "పద్నాలుగు గుంతల ఇడ్లీ పాత్ర." జవాబు: "పద్నాలుగు గుంతల ఇడ్లీ పాత్…" గుణింతం తెగడం ఆగింది కానీ ఒత్తు ఇంకా ఊడిపోతోంది. అడిగితే, "యూనికోడ్ ప్రమాణం ప్రకారం త్ ఒకటి, ర ఒకటి, నేను ప్రమాణాన్నే పాటించాను" అన్నాడు. ఇక్కడ చాలామంది వెనక్కి తగ్గుతారు. ప్రమాణం అన్న మాటకు అంత బరువు. నేను ఆ ప్రమాణం తెరిచి చదివాను.

వాక్యాన్ని అక్షరాలుగా ఎక్కడ విడదీయాలో చెప్పేది యూనికోడ్ 29వ అనుబంధం. ఆయన వాడిన నియమాల పట్టిక పాతది. 2023 సెప్టెంబరులో వచ్చిన 15.1 వెర్షన్‌లో జీబీ9సీ అని ఒక నియమం చేర్చారు: హల్లు, పొల్లు, మళ్లీ హల్లు వస్తే మధ్యలో విడదీయకూడదు. దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, తెలుగు, మలయాళం లిపులకు అది వర్తిస్తుంది. ఆ లెక్కన "పద్నాలుగు గుంతల ఇడ్లీ పాత్ర" ఖాళీలతో కలిపి 14 అక్షరాలే, 16లో హాయిగా పడుతుంది. నియమం నంబరు, వెర్షన్ నంబరు, ఫెయిలయ్యే రెండో టెస్టు, అంతే పెట్టాను. ఒక్క విశేషణం వాడలేదు. ఆయన పట్టిక మార్చాడు, నా టెస్టులు రెండూ లోపల చేర్చుకున్నాడు. ప్రపంచంలో ఎవరు ఆ లైబ్రరీని మార్చినా ఇకమీదట ఇస్త్రీ పెట్టె, ఇడ్లీ పాత్ర దాటుకునే వెళ్లాలి. ఇది గొప్పే, గొప్పగానే చెప్పుకుంటున్నాను.

మీరెవరైనా ఇలాంటి రిపోర్టు పెట్టబోతుంటే కొన్ని మాటలు. అవతలివాడికి మీ లిపి కనబడదని ముందే అనుకుని రాయండి. వాళ్లు ఇదివరకు సరిచేసిన దాంట్లోంచే మీ ఉదాహరణ వెతకండి. "నాకూ ఇదే సమస్య" అని మాత్రం ఊరికే రాసేసి పోకండి. దానివల్ల జరిగేదల్లా మిగతావాళ్లకు మెయిల్ వెళ్లడమే. మా పెద్ద క్లయింట్ ఆగిపోయాడు, అర్జెంటు అని బెదిరించకండి, మెయింటైనర్ మీ జీతగాడు కాదు. మీ భాషలో ఎవరో రిపోర్టు పెడితే, సాయం చేయలేకపోయినా పర్లేదు, ఎదురు సాక్ష్యం మాత్రం చెప్పకండి. మేనేజర్‌కు చెప్పి చేస్తే ఇంకా టికెట్ గురించే మాట్లాడుతూ ఉండేదాన్ని. చెప్పకుండా చేశాను, మీరూ అదే చేయండి.

ఇంతా చేసి కొత్త కోడ్‌తో కొట్టు జాబితా మొత్తం నడిపి చూస్తే "ఐదు లీటర్ల స్టీల్ ప్రెషర్ కుక్కర్" ఏమైందో తెలుసా? 16వ అక్షరం దగ్గర పద్ధతిగా, ప్రమాణం ప్రకారం, ఒత్తు చెదరకుండా తెగింది: "ఐదు లీటర్ల స్టీల్ ప్రెషర్ కుక్క…" దీనికి యూనికోడ్ కూడా ఏమీ చేయలేదు. పేరులో "ఐదు" తీసేసి 5 వేయమని కొట్టు ఆయనకు చెప్పాను, ఒక్క స్థానం మిగిలింది, "ర్" పట్టింది.

పక్క సీటులో మైసూరు నుంచి వచ్చిన సహోద్యోగి ఇదంతా మొదటి నుంచీ చూస్తున్నాడు. బెంగళూరులో కన్నడ పేర్లు పెట్టుకున్న కొట్లే మాకు ఎక్కువ. తన జాబితా నడిపి చూశాడు, కన్నడ ఒత్తులు ఇంకా తెగుతూనే ఉన్నాయి. 15.1 నియమంలో పేర్కొన్న లిపుల్లో కన్నడ లేదు మరి. మెయింటైనర్‌ను అడిగితే, ఈసారి ప్రమాణం నిజంగానే ఆయన పక్షాన ఉంది, మార్చాల్సింది యూనికోడ్ వాళ్లే అన్నాడు. వాళ్లకు అభిప్రాయాలు పంపే ఫారం ఒకటి ఉంది. మావాడు ఈ ఉదయం నుంచి దాన్ని నింపుతున్నాడు, నంబర్లతో, ఫొటో లేకుండా. "ఎంత కాలం పడుతుంది?" అని అడిగాడు. టీ తెచ్చుకుని కూర్చోమన్నాను.